గృహమునందు ఘోరచిత్రములు: కరవాజ్జో రచించిన క్రీస్తుబంధన పటము

విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రమున నొక నియమము కలదు. గృహస్థుల యిండ్లలో శృంగారము, హాస్యము, శాంతము అను మూఁడురసముల చిత్రములే యుండవలెను. తక్కిన రసముల చిత్రములు దేవాలయములందును రాజసభలందును ఉండఁదగును గాని యిండ్ల నుండరాదు. శాస్త్రము నెఱుఁగని వారి యాచారమునందుఁ గూడ నీనియమము మనలో నిలిచియేయున్నది. లక్ష్మీసమేతుఁడైన నరసింహుని పటమును పూజాగృహమున నుంచుకొనువారు హిరణ్యకశిపుని యుదరమును చీల్చుచున్న మూర్తిని ఇంట నుంచుటకు జంకుదురు. ఘోరరూపమునకు గుడి తగును, ఇల్లు తగదని తాత్పర్యము.

ఐరోపాఖండపు చిత్రముల విషయమున గూడ మన విద్యావంతులలోఁ బలువుర కిట్టి యభిప్రాయమే కలదు. క్రీ. శ. 17వ శతాబ్దిని 'బరోకు' అను రీతి నెగడినకాలమున పుట్టిన క్రైస్తవచిత్రములు చీఁకటియు ఖడ్గములు నెత్తురును గలవి. అవియెల్ల దేవాలయముల బలిపీఠములకై వ్రాయఁబడినవనియు, తరువాత రాజుల సంగ్రహములకును, అటుపిమ్మట ప్రదర్శనశాలలకును చేరినవనియు తలంతురు. నేనును చిరకాల మట్లే తలఁచితిని. కాని యానాఁటి లెక్కపుస్తకములు, ఆస్తిపట్టికలు, మరణశాసనములు ఇటీవలి పండితులచేఁ బ్రకటింపఁబడిన పిమ్మట నీతలంపు నిలుచుట కష్టము. ఆ ఘోరచిత్రములలో ముఖ్యమైనవి పెక్కులు గృహస్థులు తమ యిండ్లకై వ్రాయించుకొన్నవే. కొన్నింటిని దేవాలయము త్రోసివేయఁగా గృహము చేరఁదీసినది. ఈవిషయము నొక్క పటముయొక్క చరిత్రము ననుసరించి యిచట విమర్శించెదను.

మిచెలాంజెలో మెరీసి యను చిత్రకారుఁడు 1571లోఁ బుట్టి 1610లో మృతినొందెను. అతని కుటుంబమువారి యూరు కరవాజ్జో. ఆ యూరిపేరే యతనికిఁ బేరయ్యెను. మన యింటిపేళ్లలోఁ బెక్కింటి పుట్టుక యిట్టిదే కదా. 1600 ప్రాంతమున రోమునగరమున సాన్ లూయీజి దేవాలయమునందు మత్తయిచరిత్రమును చిత్రించి యొక్కమాఱుగాఁ బ్రసిద్ధికెక్కెను. అప్పుడు రోమున మత్తేయి వంశమువారు సంపన్నులు. వారిలో జిరోలమో కార్డినలు పదవియందుండెను. అతని సోదరులు చిరియాకో, అస్డ్రుబలే యనువారు గృహస్థులు. 1601 జూను నాఁటి యొక యొడంబడికలో కరవాజ్జో యీ కార్డినలు మేడలో నివసించుచున్నట్లు వ్రాయఁబడియున్నది. తరువాతి రెండేఁడులలో చిరియాకోకొఱకు మూఁడుపటములు వ్రాసెను. వాని మూల్యములు చిరియాకో లెక్కలలోఁ గలవు: ఎమ్మావు భోజనమునకు 1602 జనవరిలో 150 స్కూదీలు, బాలయోహాను పటమునకు ఆ యేఁటనే రెండువాయిదాలుగా 85, క్రీస్తుబంధనమునకు 1603 జనవరి 2వ తేదిని 125. స్కూది యనఁగా నాఁటి రోమక రజతనాణెము. చిత్రకారునియెడ వైరము వహించిన బాలియోనె 1642లోఁ బ్రకటించిన చరిత్రలో, ఈ ప్రభువు లోకము చేయుచున్న కోలాహలమునకు లోఁబడి వందలకొలఁది స్కూదీలు పోఁగొట్టుకొనెనని యెత్తిపొడిచినాఁడు. అతఁడు 1603లో నీ కరవాజ్జోపై పరువునష్టపు వ్యాజ్యెము వేసినవాఁ డగుటచే నాతని మాటను కొంత తగ్గించి గ్రహింపవలెను. అయినను సొమ్మువిషయమున నాతఁడు చెప్పినది లెక్కపుస్తకముతో సరిపోవుచున్నది.

ఇఁక క్రీస్తుబంధన పటము నెట్టిదో చూతము. రాత్రివేళ తోఁటలో యూదా తన గురువును ముద్దుపెట్టుకొని శత్రువుల కప్పగించిన ఘట్టమది. తోఁట కానరాదు, చెట్టు లేదు, ఆకాశము లేదు. వెనుకనంతయు కాటుకచీఁకటి. ఆ చీఁకటిలోనుండి యేడుగురు మనుష్యులు ఒకరిపై నొకరు పడునంత దగ్గఱగా మనమీఁదికి వచ్చుచున్నారు. ఎడమకొనను శిష్యుఁడైన యోహాను చేతులెత్తి నోరుతెఱచి కేకవేయుచుఁ బాఱిపోవుచున్నాఁడు. అతని యెఱ్ఱని యుత్తరీయము వెనుక నుబ్బి క్రీస్తు యూదాల తలలపైఁ గప్పువలె వంగియున్నది. యూదా గురువు భుజమును పట్టుకొనియున్నాఁడు. ముద్దు అప్పుడే ముగిసినది, లేదా యింకను ముగియలేదు. నడుమ నిండుకవచము తొడిగిన భటుని బాహువు క్రీస్తు కంఠమువైపు చాఁపఁబడి యద్దమువలె మెఱయుచున్నది. కుడికొనను ఒకఁడు లాంతరు నెత్తి తొంగిచూచుచున్నాఁడు. ఆ మొగము చిత్రకారునిదే యని చాలమంది విమర్శకులమతము. ఇందొక విశేషము: ఆ లాంతరు చిత్రములోని మొగముల నేమియు వెలిఁగించుటలేదు. వెలుఁగు ఎడమప్రక్క పైనుండి, చట్రమునకు వెలుపలి నుండి వచ్చుచున్నది. లాంతరువాఁడు చూడఁగోరుచున్నాఁడు, అంతే. ఇంత సందడి నడుమ క్రీస్తు కనులు వాల్చి, వ్రేళ్లు పెనవైచిన చేతులను క్రిందికి దింపి, ఎదిరింపక నిలిచియున్నాఁడు. 1672లో నీపటమును వర్ణించిన బెల్లోరి కరవాజ్జో రీతిని మెచ్చినవాఁడు కాఁడు. ఆతఁడును క్రీస్తుని యీ యోర్పును ప్రత్యేకముగాఁ బేర్కొనినాఁడు.

మన యలంకారికుల పరిభాషలో దీనిని ఏరసమున చేర్పవలెను? భయానకమున చేర్పవచ్చునని మొదటఁ దోఁచును. కాని చూచుచున్నకొలఁది ఆ వాల్చిన కనులు, ఆ పెనవేసిన వ్రేళ్లు తక్కినదానినెల్ల తమలోనికి లాగుకొనుచున్నవి. భయానకమును చుట్టును నిలిపి శాంతమును నడుమ నుంచినట్లున్నది. చిత్రసూత్రకారుఁడు చూచియుండినచో దీనిని ఇంట నుంచుటకు సమ్మతించియుండునో లేదో, సంశయించి మాత్రము యుండును.

ఇది గృహమునకై పుట్టినదనుటకు లెక్కపుస్తకమే చాలును. అయినను పటముయొక్క యాకారమే మఱియొక సాక్ష్యము. దాని యెత్తు 133.5 సెంటిమీటరులు, వెడల్పు 169.5. ఎమ్మావు భోజనము 141కి 196. ఒత్తావియో కోస్తా యను జెనోవాదేశపు వర్తకునికై వ్రాసిన యూదితు హోలోఫెర్నెసుల పటము 145కి 195. గాయములో వ్రేలుపెట్టి పరీక్షించుచున్న తోమా పటము 107కి 146. ఇవన్నియు అడ్డముగా నిడుపైనవి. వీనిలోని మనుష్యులు మోకాళ్లకో నడుమునకో పైభాగము మాత్రమే కానవచ్చువారు. దేవాలయమునకై వ్రాసిన 'మరియమ్మ మరణము' ఎత్తు 369, వెడల్పు 245. అందు పాదములు సైత మగపడును. బలిపీఠపు పటము దూరమునుండి, క్రిందినుండి, మోఁకరించినవారు చూడవలసినది. ఇంటిపటము గోడప్రక్క నిలిచినవాఁడు కంటికెదురుగాఁ జూడవలసినది. కావుననే మనుష్యులను సగమునకుఁ గోసి ముందునకుఁ ద్రోసినాఁడు. దేవాలయమున క్రీస్తు మనకంటె నెత్తుననుండును. మత్తేయివారి యింట నాతఁడు ఆ గదిలోని మఱియొక మనుష్యునంత యెత్తున, అంత దగ్గఱ నుండెను. ఘోరత్వ మిచ్చట నినుమడించును గాని తగ్గదు.

ఇట్టిదాని నేల కోరిరి? దీనికిఁ గారణము నాటి భక్తిమార్గమునందుఁ గలదని నాయభిప్రాయము. త్రెంటు మహాసభ 1563లో దైవచిత్రముల నుంచుకొనుటను సమర్థించి, అవి జనులను బోధించుటకును భక్తికిఁ బురికొల్పుటకును సాధనములని నిర్ణయించెను. అంతకుముందే 1548లో పాపుయొక్క యామోదమునుబొందిన ఇగ్నేషియస్ లొయోలా ధ్యానగ్రంథము, ధ్యానించువాఁడు క్రీస్తుచరిత్రములోని యొక్కొక్క ఘట్టమును తానచట నున్నట్లు మనసున నిర్మించుకొని, చూచి, విని, స్పృశించినట్లు భావింపవలెనని బోధించుచున్నది. ఇట్లు ధ్యానించు గృహస్థునకు బంగారు తేజోమండలములుగల శాంతమూర్తికంటె నెదురుగా వచ్చిపడుచున్న భటుని కవచము నెక్కువయుపకారము చేయును. కరవాజ్జో యీగ్రంథమును చదివెనని నేననుట లేదు. ఆ గ్రంథము పెంచిన చూపు గల యిండ్లలో నతని పటములు వ్రేలాడినవని మాత్రము చెప్పుచున్నాను.

ఇందుపై నొక యాక్షేపణ రావచ్చును. ఈ ప్రభువులు భక్తిచేఁగాక ప్రతిష్ఠకై కొనిరనియు, బాలియోనె చెప్పిన కోలాహలమే కారణమనియు ననవచ్చును. అందు సత్యము లేకపోలేదు. కాని ప్రతిష్ఠకై కొన్నవాఁడు వచ్చినవారికెల్ల నెల్లప్పుడు చూపవలెను కదా? ఆనాఁటివా రట్లు చేయలేదు. కోస్తా 1639లో మరణించినపుడు చేసిన యాస్తిపట్టికలో యూదితు పటమునకు ముందుఁ బట్టుతెర యున్నట్లు వ్రాయఁబడినది. ఖడ్గము మెడలో సగముదాఁక దిగి నెత్తురు చిమ్ముచున్న పటమది. తన యింటిగోడపై నట్టిదానిని నిలిపి, దానికిఁ దెరవేసి, మఱల 1632 నాఁటి మరణశాసనమున తన వారసులు కరవాజ్జో పటముల నమ్మరాదనియు, అందును ముఖ్యముగా యూదితు నమ్మరాదనియు శాసించినాఁడు. విడువలేఁడు, సర్వకాలమును చూడఁజాలఁడు. భక్తియో ప్రతిష్ఠయో యను ప్రశ్నకు లొంగని దశ యిది.

తెర దుమ్మునుండి కాపాడుటకే యని కొందఱందురు. ఆ ప్రయోజనమును కాదనను. విన్చెంజో జుస్తినియాని యను ప్రభువు మేడలో 1630 తరువాతి యేండ్ల నివసించిన జర్మను చిత్రకారుఁడు సాండ్రార్టు మఱియొక కారణము చెప్పుచున్నాఁడు. ఆ మేడలో కరవాజ్జో వ్రాసిన మన్మథుని పటమునకుఁ దన యుపదేశముచే ముదురాకుపచ్చ పట్టుతెర వేయించిరనియు, తక్కిన పటములనన్నిటిని చూపిన పిమ్మట కడపట దానిని తెఱచుచుండిరనియు, లేనిచో దానిముందు నితరములు వెలవెలఁబోవుననియు నాతఁడు వ్రాసెను. అది దైవచిత్రము గాదు నిజమే. అయినను తెరయొక్క పని యిందు స్పష్టము: పటమునకు సమయము నేర్పఱచుట. మన యాలయములలో తెర తీయుటకు ముందు గంట మ్రోఁగును. కూచిపూడివారు తెరవెనుకనుండి పాత్రను ప్రవేశపెట్టుదురు. ఎల్లవేళలఁ గానవచ్చునది కనులకుఁ బాఁతబడునని వారికిని తెలియును.

ఇంటిలో నెక్కడ నేపటమును వ్రేలాడఁదీయవలెననుటకు రోమున శాస్త్రము సైతము పుట్టినది. సీయెనా పట్టణమువాఁడైన జూలియో మంచీని వైద్యుఁడు. పాపు 8వ అర్బనునకు చికిత్స చేసినవాఁడు. 1620 ప్రాంతమున చిత్రకళనుగూర్చి యొక గ్రంథము వ్రాసెను. అది 1956 వఱకు నచ్చుపడక వ్రాఁతప్రతులందే యుండెను. శృంగారచిత్రములు నలుగురు మెలఁగని గదులలో నుండవలెననియు, క్రీస్తు, మరియమ్మ, భక్తులు మున్నగువారి చిత్రములు శయనగృహములకుఁ దగుననియు నాతఁడు విధించినాఁడు. దైవచిత్రములకు మన పూజాగృహము వంటి ప్రత్యేకస్థానమును గాక పడుకొనుగదిని చెప్పుట మనకు వింతగాఁ దోఁచును. నిద్రకు ముందును మేల్కొన్న వెంటనేయు వానిని చూచుట వారి యుద్దేశము. కరవాజ్జో పద్ధతిని వర్ణించుచు నీవైద్యుఁడే, నల్లగోడల గదిలో మీఁదినుండి యొక్క కిటికీవెలుఁగే పడునట్లు వ్రాయుదురని చెప్పినాఁడు. అట్లు వ్రాసిన పటమును ఇంట నుంచఁగా నాగది కొక కొత్తకిటికీ యేర్పడినట్లగుచుండెను. కిటికీకి వెలుపల మాత్రము పగలు లేదు.

దేవాలయము త్రోసివేసిన పటముల సంగతి యింతకంటె నాశ్చర్యకరము. పైఁ జెప్పిన 'మరియమ్మ మరణము' పటమును స్కాలా దేవాలయపు కార్మెలు మఠస్థులు తిరస్కరించిరి. వాచిన దేహము, బయలుపడిన పాదములు దైవమాతకుఁ దగవని బాలియోనె బెల్లోరులు చెప్పిన కారణము. చిత్రకారుఁ డొక వేశ్యను చూచి వ్రాసెనని మంచీని మాట. రూబెన్సు అను చిత్రకారుని యుపదేశముచే మంతువా ప్రభువు 1607లో దానిని 280 స్కూదీలకుఁ గొనెను. రోము విడుచుటకు ముందు, చిత్రకారుల కోరికపై వారముదినములు జనులకుఁ జూపఁగా నగరమంతయు వచ్చిచూచెను. పిమ్మట నది ఆంగ్లరాజైన 1వ చార్లెసునకును, అతని శిరశ్ఛేదము జరిగిన 1649 తరువాత యబాకు అను ధనికునకును, అతనినుండి 14వ లూయీకిని చేరి, నేఁడు పారిసునందలి లూవ్రు శాలలో నున్నది. అట్లే మత్తయికి దేవదూత చేయిపట్టి వ్రాయించుచున్న మొదటి పటమును సాన్ లూయీజివారు మోటుగానున్నదని నిరాకరింపఁగా జుస్తినియాని తన మేడకుఁ దెచ్చుకొనెనని బెల్లోరి వ్రాసెను. తోమా పటమును ఆ మేడలోనిదే. ఈ సంగ్రహము 1815లో ప్రష్యారాజు కమ్ముడుపోయెను. తోమా నేఁడు పోట్సుడాములో క్షేమముగా నున్నాఁడు. మత్తయి పటము 1945 మేనెలలో బెర్లిను నగరమున దగ్ధమయ్యెను. మనకు దాని ఛాయాపటములే మిగిలినవి.

చేరఁదీసిన యిల్లు కాపాడునని యిందువలనఁ దలంపరాదు. దేవాలయమునందలి పటమునకు ప్రతిష్ఠాపకుని పేరు, చిత్రకారుని పేరు జనులనోళ్లలో నుండును. యాత్రికుల పుస్తకములలో నుండును. ఇంటిపటము నెఱిఁగినవారు ఇంటివారే. వారు మఱచినచో నది యనాథ యగును. మత్తేయివారియిల్లే యిందుకుఁ దార్కాణము. బాలయోహాను పటము 1624లో చిరియాకో కుమారుని మరణశాసనముచే డెల్ మోంటె కార్డినలునకుఁ జేరెను. క్రీస్తుబంధనము ఇంటనే యుండెను. 1626లో అస్డ్రుబలే తన భాగమునకై జొవాన్ని ది అత్తిలి యనువానిచే దానికిఁ బ్రతి వ్రాయించుకొనెను. తరములు గడచినవి. 1793 నాఁటి యాస్తిపట్టికలో నీపటము డచ్చిచిత్రకారుఁడైన హోన్‌తోర్స్టు వ్రాసినదని కలదు. అతఁడు రాత్రిచిత్రములకుఁ బ్రసిద్ధుఁడై యిటలీలో 'రాత్రి గెరార్దు' అని పిలువఁబడినవాఁడు. లాంతరుండుటచే నీపొరపాటు పుట్టియుండునని యూహింపవచ్చును. 125 స్కూదీలిచ్చి వ్రాయించిన వాని వంశీయులే చిత్రకారుని పేరు మఱచిరి! 1802లో స్కాట్లండు దేశస్థుఁడైన విలియం హామిల్టన్ నిస్బెట్ మత్తేయివారియొద్ద నాఱుపటములు కొనఁగా నిదియు నందొకటియై హోన్‌తోర్స్టు పేరితోనే సముద్రము దాఁటినది.

స్కాట్లండులో నూటికిఁబైఁగా నేండ్లు బీల్ అను పల్లెమేడ గోడపై నుండి, 1921లో ఎడింబరోలో వేలమునకు వచ్చినది. పిమ్మట మేరీ లీ-విల్సన్ అను నైర్లండుదేశపు స్త్రీ దానిని కొని డబ్లినునకుఁ దెచ్చుకొనెను. ఆమె భర్త పోలీసు నధికారి; 1920 జూనులో గోరీ పట్టణమున స్వాతంత్ర్యవాదులచేఁ గాల్చి చంపఁబడెను. ఆమె తరువాత వైద్యశాస్త్రము నభ్యసించి శిశువైద్యురాలయ్యెను. భటులచేఁ జిక్కుచున్నవాని పటమును, హత్యచే వైధవ్యమునొందిన స్త్రీ తన యింట నుంచుకొన్నదనుటలో నెవరి కెట్టియర్థము తోఁచినను తోఁచుఁగాక, నేనేమియుఁ గల్పింపను. 1930 తరువాతి యేండ్లలో నామె దుఃఖమున నూఱటగొల్పిన యేసుసభ గురువుల యెడఁ గృతజ్ఞతచే నాపటమును డబ్లినులోని లీసన్ వీథియందలి వారి మఠమున కిచ్చినది. ఆ మఠము ఇగ్నేషియసు పేరిటిది. వారు దానిని భోజనశాలలో వ్రేలాడఁదీసిరి.

మంచీని శయనగృహమునఁ జెప్పినది భోజనశాలకు వచ్చెను. అందు తప్పేమియుఁ గానరాదు. యూదా గురువును ముద్దుపెట్టుకొన్నది కడపటి భోజనమైన రాత్రియే కదా. అర్ధశతాబ్దికిఁ బైఁగా నా గురువు లాపటముక్రింద నన్నము తినిరి. పొగయు ధూళియుఁ బట్టి వార్నీషు పసుపువాఱి చీఁకటి మఱింత చిక్కఁబడెను. 1989లో రోము విద్యార్థినులు ఫ్రాంచెస్కా కప్పెల్లెత్తి, లౌరా తెస్తా యను నిరువురు రెకనాతి పట్టణమున మత్తేయివారి వారసుల యింట దాఁచియున్న పాఁతలెక్కపుస్తకములను చదివి, చిరియాకో యిచ్చిన మూల్యములను, 1793 నాఁటి తప్పుపేరును వెలికిఁదీసిరి. మఱుసటి యేఁటి ఆగస్టులో, వారి కృషితో నేసంబంధమును లేకుండ, డబ్లిను జాతీయచిత్రశాలలోని సెర్జియో బెనెదెత్తి యను చిత్రరక్షకుఁడు మఠమువారు పిలువఁగాఁ దమ పటములను శుభ్రపఱచుటకై చూడవచ్చి, భోజనశాల గోడముందు నిలిచిపోయెను. తన యనుమానమును బయటపెట్టక పటమును శాలకుఁ దీసికొనిపోయి మూఁడేఁడులు పరీక్షించెను. అందు నీవిద్యార్థినుల పరిశోధనమే చరిత్రమును జోడించినది. 1993 నవంబరులో పటము కరవాజ్జో పేరితో జనుల యెదుట నిలిచెను.

మఠమువారు దాని నమ్మలేదు. జాతీయచిత్రశాలకు గడువులేని యెరవుగా నిచ్చిరి. ఎరవిచ్చిన మఠముపేరితోడను దాత్రి మేరీ లీ-విల్సన్ పేరితోడను అది నేఁడచ్చట నున్నది. ఆమె 1971లో మృతినొందినది. తానిచ్చినది హోన్‌తోర్స్టు పటమనియే యామె యెఱుఁగును.